‘నాకేం, బానే ఉన్నా’: లాక్‌డౌన్‌లో ఒంటరితనం, అవాయిడెంట్ అటాచ్‌మెంట్ - ఒక కేస్ స్టడీ

దగ్గరి మనుషులతో బంధం పెంచుకునే తీరును అటాచ్‌మెంట్ అంటారు. కష్టంలో కూడా వాళ్లకు ఎడంగా ఉండిపోయే తీరు అవాయిడెంట్. ఈ కేసులో మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాం. 2020, 2021 లాక్‌డౌన్ల కాలంలో హైదరాబాద్‌లో ఒకే తరహాలో కనిపించే కేసులను కలిపి అల్లిన నమూనా ఇది. కింద వచ్చే స్కోర్లు కూడా ఆ నమూనావే. కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన కౌన్సెలర్లకు, ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్లకు పనికొచ్చేలా, చేసినవి చేసినట్టు, చెడినవి చెడినట్టు రాశాం.

వచ్చిన కారణం

క్లయింటుకు 32 ఏళ్లు. పెళ్లి కాలేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. కేపీహెచ్‌బీ కాలనీలో ముగ్గురు కలిసి ఫ్లాట్ అద్దెకు తీసుకున్నారు. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆ రోజుల్లోనే రూమ్మేట్లిద్దరూ సొంతూళ్లకు వెళ్లిపోయారు. వర్క్ ఫ్రం హోం సాగుతూనే ఉండటంతో మళ్లీ రాలేదు. ఇతను మాత్రం ఖమ్మం వైపున్న తన ఊరికి వెళ్లలేదు. అక్కడ నెట్ సరిగ్గా రాదన్నాడు. 2021 జూన్‌లో మా దగ్గరికి వచ్చేనాటికి పదిహేను నెలలుగా ఆ ఫ్లాట్‌లో ఒక్కడే ఉంటున్నాడు.

ఒంటరితనం అని రాలేదు. కడుపులో మంట, ఛాతీ పట్టేసినట్టుండటం, తెల్లవారుజామున మూడు దాటితే గాని నిద్ర పట్టకపోవడం - ఇవీ అతను చెప్పిన బాధలు. ఫిజీషియన్ ఈసీజీ, థైరాయిడ్, షుగర్, బీ12 అన్నీ చేయించారు. ఏ తేడా కనిపించక మా దగ్గరికి పంపారు. మొదటి సెషన్లో నేరుగా అడిగితే వచ్చిన జవాబు ఇది: “ఒంటరిగా ఏమీ లేదండీ. చిన్నప్పటి నుంచీ ఒక్కణ్నే ఉండటం అలవాటు. నిజం చెప్పాలంటే లాక్‌డౌన్ నాకు హాయిగానే ఉంది.”

ఇలాంటి జవాబు దగ్గర ఆగిపోతే కేసు అక్కడితో అయిపోయినట్టే. అవాయిడెంట్ ధోరణి ఎక్కువున్న మనిషి అబద్ధం చెప్పడు. అతనికి నిజంగానే అలా అనిపించదు. కాబట్టి ‘ఎలా అనిపిస్తోంది’ అని కాకుండా ‘ఏం చేశారు’ అని అడగాలి. నిన్న ఉదయం లేచిన దగ్గర్నుంచి గంట గంటకూ ఏం జరిగిందో చెప్పించాం. ఆఫీసు కాల్స్ తీసేస్తే రోజు మొత్తంలో అతను నోరు తెరిచి మాట్లాడిన సమయం పది నిమిషాలు కూడా లేదు. అది కూడా డెలివరీ అబ్బాయితోనో, వాళ్ల అక్క ఫోనుకు జవాబుగానో.

తర్వాత అడిగిన ప్రశ్న: “అర్ధరాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేస్తారు?” జవాబు: “ఎవరికీ అక్కర్లేదు. ఇంట్లో డోలో ఉంది.” ఊరికే అడిగామనుకున్న ఈ ప్రశ్నకు జరిగిపోయిన సంగతి ఒకటి బయటపడింది. మే నెలలో, సెకండ్ వేవ్ తీవ్రంగా ఉన్నప్పుడు, అతనికి కోవిడ్ వచ్చింది. పది రోజులు హోం ఐసోలేషన్‌లో ఉన్నాడు. ఆక్సీమీటర్ తెప్పించుకున్నాడు, గంటకోసారి చూసుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. “కంగారు పడతారు కదా” అన్నాడు. తగ్గిన మూడు వారాలకు అక్కకు చెప్పాడు, అదీ వేరే మాటల్లో దొర్లి. ఎదురింటి ఆంటీ ఎలా పసిగట్టిందో గాని, ఆ పది రోజులూ మధ్యాహ్నం పూట ఒక స్టీలు డబ్బాలో పప్పు, అన్నం, ఊరగాయ పెట్టి చెప్పుల స్టాండు మీద ఉంచి వెళ్లేది. అతను తినేవాడు, డబ్బా తోమి అదే స్టాండు మీద పెట్టేవాడు. తలుపు తట్టి ఒక్కసారైనా మాట్లాడలేదు.

కొలవడం

నాలుగు పరీక్షలు ఇచ్చాం. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 8, ఆందోళనను కొలిచే గ్యాడ్-7లో 21కి 6. రెండూ స్వల్ప స్థాయే. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న, అంటే చావు ఆలోచనల గురించి, సున్నా వేశాడు. అయినా విడిగా మాటల్లో అడిగి రూఢి చేసుకున్నాం. ఒంటరితనానికి యూసీఎల్‌ఏ స్కేలు మూడో వెర్షన్ వాడాం: 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 4, మొత్తం 20 నుంచి 80, స్కోరు ఎక్కువైతే ఒంటరితనం ఎక్కువ. అతని స్కోరు 44. ‘హాయిగా ఉంది’ అన్న మనిషికి ఇది తక్కువేం కాదు. కానీ మొత్తం స్కోరు కంటే దాని లోపలి తీరు ముఖ్యం. నలుగురిలో కలిసిపోయే ప్రశ్నలకు బాగానే వేశాడు. ‘నన్ను నిజంగా ఎరిగినవాళ్లు ఉన్నారు’ అన్న అర్థం వచ్చే ప్రశ్నలకు మాత్రం వరసగా లేరన్నట్టే వేశాడు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లో చెప్పిన తేడా ఇక్కడ పనికొస్తుంది. పరిచయాల వలయం లేకపోవడం సామాజిక ఒంటరితనం, దగ్గరి మనిషి అంటూ ఒకరు లేకపోవడం భావోద్వేగ ఒంటరితనం. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది తీరదు.

అటాచ్‌మెంట్‌ను కొలిచే ప్రశ్నావళుల్లో ఈసీఆర్-ఆర్‌ఎస్ ఎంచుకున్నాం. దీనికి కారణం చెప్పాలి. 36 ప్రశ్నల ఈసీఆర్, ఈసీఆర్-ఆర్ ప్రేమ సంబంధాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. పెళ్లి కాని, ప్రేమలో లేని తెలుగు కుర్రాడి చేతికిస్తే సగం ప్రశ్నలకు ఊహించి వేస్తాడు. ఫ్రేలీ బృందం 2011లో ప్రచురించిన ఆర్‌ఎస్‌లో తొమ్మిదే ప్రశ్నలు. అవే తొమ్మిదింటినీ అమ్మ గురించి, నాన్న గురించి, దగ్గరి స్నేహితుడి గురించి విడివిడిగా అడగవచ్చు. ఆరు ప్రశ్నలు ఎడం పాటించే గుణాన్ని (అవాయిడెన్స్), మూడు వదిలేస్తారేమోనన్న ఆందోళనను కొలుస్తాయి. స్కేలు 1 నుంచి 7. ఇతని అవాయిడెన్స్ అమ్మతో 5.5, నాన్నతో 5.8, బీటెక్ నాటి ఒక స్నేహితుడితో 3.5. ఆందోళన ఎక్కడా 2.5 దాటలేదు.

ఈ 3.5 మా చికిత్సకు తాళంచెవి అయింది. అటాచ్‌మెంట్ స్టైల్ బ్లడ్ గ్రూప్ లాంటిది కాదు. మనిషికి ఒకటే ఉండి, అన్ని సంబంధాల్లోనూ అలాగే ఉంటుందనుకోకూడదు. ‘నాది అవాయిడెంట్’ అని ఇన్‌స్టాగ్రామ్ క్విజ్ చేసి వచ్చేవాళ్లకు మొదట ఇదే చెప్తాం. రెండు కొలతలు, ఒక్కోటీ ఎక్కువ తక్కువలుగా ఉంటాయి, సంబంధాన్ని బట్టి మారతాయి. ఎక్కడ తక్కువుందో అక్కడి నుంచి పని మొదలుపెట్టాలి.

గతం

ఆరో తరగతిలో రెసిడెన్షియల్ స్కూల్. ఆదివారం సాయంత్రం ఒక్క ఫోను, వెనక లైను, మూడు నిమిషాలు. మొదటి నెల ఫోనులో ఏడిస్తే అమ్మ కూడా ఏడ్చేది, నాన్న ఫోను తీసుకుని “ఏడిస్తే చదువెలా వస్తుంది రా” అనేవాడు. రెండో నెల నుంచి ‘బానే ఉన్నా’ అనడం మొదలైంది. ఆ మాట అందరినీ నెమ్మదింపజేసింది, అందుకే నిలిచిపోయింది. మన దగ్గర హాస్టల్లో చదివిన పిల్లలందరూ ఇలా తయారవరు. తల్లిదండ్రులది నేరమని చూపించడం మా ఉద్దేశమూ కాదు. కష్టం చెప్పుకుంటే అవతలివాళ్లు తట్టుకోలేరని పదకొండేళ్ల పిల్లాడు నేర్చుకున్నాడు, ఆ పాఠం ముప్పై రెండేళ్లకూ నడుస్తోంది. అంతవరకే.

అటాచ్‌మెంట్ సిద్ధాంతకర్త జాన్ బౌల్బీ 1969 నుంచి రాసిన సంపుటాల్లో, మేరీ ఐన్స్‌వర్త్ బృందం 1978లో ప్రచురించిన పరిశోధనలో ఉన్నది ప్రధానంగా పసిపిల్లల సంగతి. హేజన్, షేవర్ 1987లో దాన్ని పెద్దవాళ్ల ప్రేమ సంబంధాలకు అన్వయించారు. మాకు ఈ కేసులో అక్కరకొచ్చింది మాత్రం స్రూఫ్, వాటర్స్ 1977లో చూపించిన విషయం. తల్లి గదిలోంచి వెళ్లి తిరిగొచ్చినప్పుడు అవాయిడెంట్ పిల్లలు ఏమీ పట్టనట్టు బొమ్మలతో ఆడుకుంటారు, కానీ గుండె వేగం పెరిగే ఉంటుంది. ముఖం ఒకటి చెప్తుంది, ఒళ్లు ఇంకొకటి చెప్తుంది. కడుపు మంట, ఛాతీ పట్టు, నిద్రలేమి - క్లయింటుకు వీటిని వివరించడానికి దీనికంటే మంచి దారి దొరకలేదు. ‘మీరు ఒంటరి’ అంటే కాదనేవాడు. ఈ గుండె వేగం సంగతి చెప్పినప్పుడు మాత్రం నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు.

ఐసోలేషన్ అసలు ఏం తీసేసింది

లాక్‌డౌన్‌కు ముందు ఇతనికి సాన్నిహిత్యం లేదని అనలేం. ఉంది, పని చాటున ఉంది. ఆఫీసు క్యాబ్‌లో పక్క సీటు, సాయంత్రం టీ బ్రేకు, ఆదివారం ఉదయం క్రికెట్, రూమ్మేటుతో కలిసి రైతుబజార్‌కు వెళ్లి కూరగాయలు తేవడం. వీటిలో ఎక్కడా ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పనక్కర్లేదు. పక్కపక్కన ఉంటే చాలు. అవాయిడెంట్ మనిషికి కావలసినంత దగ్గరితనం ఇలా తెలియకుండానే అందుతుంది.

లాక్‌డౌన్ దీన్నంతా ఒక్క రోజులో తీసేసి, బదులుగా ఫోను చేతిలో పెట్టింది. ఫోనంటే అచ్చంగా మాటలే, ‘ఎలా ఉన్నావ్, ఏంటి సంగతులు’. ఇతనికి చేతకానిది సరిగ్గా అదే. అమ్మ, నాన్న, అక్క, స్నేహితుడు ఎవరూ దూరం కాలేదు కాబట్టి ఏదో పోయిందని అతనికి తెలియలేదు. అందుకే ఇలాంటివాళ్లకు ‘నలుగురికీ ఫోన్లు చెయ్యి’ అనే సలహా పనిచెయ్యదు. లేని తిండికి బదులు పడని తిండి పెట్టినట్టవుతుంది.

వాళ్ల అక్క సంగతి దీనికి పూర్తిగా ఎదురు. ఆమె వనస్థలిపురంలో ఉంటుంది. మెట్రో మియాపూర్ లైను ఆ చివర ఎల్బీనగర్ దాటి ఇంకా ముందుకెళ్లాలి. 2021 మే 12న మొదలైన లాక్‌డౌన్‌లో ఉదయం 6 నుంచి 10 వరకే సడలింపు. ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చి తమ్ముణ్ని చూసి వెళ్లే వీల్లేదు. రోజుకు ఐదారు సార్లు ఫోను. “తిన్నావా రా?” “ఆ, తిన్నా అక్కా.” “గొంతు అలా ఉందేంటి?” “ఏం లేదక్కా, పనుంది, పెట్టేస్తున్నా.” కోవిడ్ దాచిన సంగతి తెలిశాక ఫోన్లు రెట్టింపయ్యాయి.

ఆమె ధోరణి యాంక్షస్ వైపు, అంటే వదిలేస్తారేమోనన్న ఆందోళన ఎక్కువ. ఇలాంటివాళ్లకు ఐసోలేషన్‌లో పోయేది భరోసా ఇచ్చే చిన్న చిన్న గుర్తులు: మనిషి ముఖం, పక్క గదిలో అలికిడి, తింటుంటే కళ్లారా చూడటం. వాటి స్థానంలో వచ్చేవి బ్లూ టిక్కులు, లాస్ట్ సీన్, మోగి మోగి ఆగిపోయే రింగు. వీటిని ఎలాగైనా అర్థం చేసుకోవచ్చు, భయపడే మనసు చెడుగానే అర్థం చేసుకుంటుంది. ఫోను ఎత్తితే పావుగంట ఊరట, ఆ తర్వాత మళ్లీ మొదలు. ఎంత ఎక్కువ మాట్లాడితే అంత ఎక్కువ కావాలనిపిస్తుంది. కాబట్టి ఆమెకు ఒంటరితనం తగ్గాలంటే ఫోన్లు పెరగాల్సిన పనిలేదు, ఎప్పుడొస్తుందో ముందే తెలియాలి.

ఆమె వెంటపడేకొద్దీ అతను ముడుచుకుంటాడు, అతను ముడుచుకునేకొద్దీ ఆమె వెంటపడుతుంది. ఇద్దరూ ఒంటరివాళ్లే, ఒకరి ఒంటరితనాన్ని ఇంకొకరు పెంచుతున్నారు. ఇదే మా ఫార్ములేషన్, అంటే కేసును మేం అర్థం చేసుకున్న తీరు.

ఇక్కడ తేల్చుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. ఏకాంతం ఇష్టపడే ప్రతివాడూ అవాయిడెంట్ కాదు. కష్టం వచ్చినప్పుడు సాయం అడగగలడా, ఇచ్చిన సాయం తీసుకోగలడా అన్నదే గీటురాయి. డిప్రెషన్, ఆటిజం లక్షణాలు, కోవిడ్ తర్వాతి నీరసం, రాత్రిపూట మద్యం - నాలుగింటినీ విడిగా అడిగి పక్కన పెట్టాకే ముందుకెళ్లాం.

పన్నెండు వారాల పని

మొదటి రెండు వారాలు భావాల జోలికి పోలేదు. లేచే సమయం 7 గంటలకు బిగించాం, పడుకునే సమయాన్ని వదిలేశాం. మధ్యాహ్నం 2 తర్వాత కాఫీ, టీ లేవు. ఉదయం టెర్రస్ మీద 20 నిమిషాల నడక, ఎండ తగిలేలా. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టకూడదు. ఒంటి బాధతో వచ్చిన మనిషికి ముందు ఒంటికి ఏదో చేస్తేనే తర్వాతి మాట వింటాడు. రెండో వారం చివరికి నిద్ర ఒంటిగంటన్నరకు పట్టసాగింది.

మూడో వారం నుంచి పక్కపక్కన ఉండే సాంగత్యాన్ని తిరిగి కట్టాం. 3.5 స్కోరున్న స్నేహితుడితో వారానికి రెండు సార్లు, 45 నిమిషాలు, వీడియో కాల్ ఆన్ చేసి ఎవరి పని వాళ్లు చేసుకోవడం. మాట్లాడాలని నియమం లేదు, కెమెరా తన ముఖం మీద కాకుండా కీబోర్డు వైపు పెట్టుకోవచ్చు. కాల్ పెట్టేసే ముందు మాత్రం రెండు నిమిషాలు మాట్లాడాలి. రెండో పని ఎదురింటి ఆంటీ డబ్బా. మనకు ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపే అలవాటు లేదు కదా. ఆ డబ్బా అప్పటికే ఇచ్చేశాడు కాబట్టి కొత్తగా ఒక డబ్బాలో మామిడిపళ్ల ముక్కలు కోసి పెట్టి, స్టాండు మీద వదలకుండా తలుపు తట్టి, చేతికిచ్చి, “ఆ పది రోజులూ మీ వంటే తిన్నానండీ” అని ఒక్క మాట చెప్పి రావాలి. ఇది చెయ్యడానికి అతనికి రెండు వారాలు పట్టింది. తొందరపెట్టలేదు.

నాలుగో వారంలో అక్కతో కలిపి ఒక వీడియో సెషన్. ఒప్పందం ఇది: బుధ, ఆదివారాల్లో రాత్రి 8:30కి పదిహేను నిమిషాల ఫోను, చెయ్యాల్సింది తమ్ముడు. మిగతా రోజుల్లో రోజుకొక ఫొటో - కంచం, కిటికీ, ఏదైనా. తమ్ముడే ఎందుకు చెయ్యాలంటే, తాను మొదలుపెట్టిన మాటల్లో అతనికి మీదపడినట్టు అనిపించదు. ఆమెకేమో గడియారం చూసి నిశ్చింతగా ఉండే వీలు దొరుకుతుంది. మధ్యలో భయం వేస్తే ఆమె 20 నిమిషాలు ఆగి, ‘ఏం జరిగి ఉంటుందనుకుంటున్నాను’ అని కాగితం మీద ఒక వాక్యం రాసి, తర్వాత అసలు ఏం జరిగిందో దాని పక్కన రాయాలి.

ఈ ఒప్పందం మొదలైన రెండో వారంలోనే బెడిసింది. ఒక బుధవారం ఆఫీసులో రిలీజ్ పని పడి 8:30 దాటిపోయింది. ఆమె నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్. అతను ఫోను స్విచాఫ్ చేసి రెండు రోజులు తియ్యలేదు. తప్పు ఇద్దరిదీ కాదు, ఒప్పందంలో వీలుకానప్పుడు ఏం చెయ్యాలో లేదు. దాన్ని చేర్చాం: వీలుకాకపోతే 8:30 లోపే మెసేజ్ పెట్టాలి, అందులో కొత్త సమయం ఉండాలి. ‘బిజీ’ అని ఊరుకుంటే యాంక్షస్ మనిషికి అది తలుపు మూసినట్టే. ‘బిజీ, 10:15కి చేస్తా’ అంటే తలుపు తెరిచే ఉందని అర్థం. ఎవరితో ఇలాంటి ఒప్పందం చేయించినా ఈ అంశాన్ని మొదటి రోజే పెట్టండి.

ఆరో వారం నుంచి మెట్లు. తన గురించి ఒకే ఒక్క వాక్యం, ఒకే మనిషితో, పరిష్కారం అడగకుండా చెప్పాలి. చెప్పాక రెండు నిమిషాలు ఫోను పెట్టెయ్యకూడదు. మొదటి మెట్టు స్నేహితుడితో ‘రాత్రి నిద్ర పట్టలేదు రా’. పై మెట్టు అక్కతో ‘జ్వరం వచ్చినప్పుడు భయమేసింది’. మధ్యలో మూడు. ఆ రెండు నిమిషాలే కష్టం. చెప్పిన వెంటనే అతను జోకేసో, పనుందనో తప్పుకునేవాడు. అవతలివాళ్లు తట్టుకోగలరో లేదో చూసే అవకాశం అలా చేజారిపోతుంది. అక్క ఏడవకుండా వినడం కూడా ముందే సాధన చేయించాం. ఆమె అనాల్సింది “చెప్పావు, మంచిది. ఇంకా ఉందా?” అంతే. ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్న నిషిద్ధం.

ఏడో వారంలో పై మెట్టు ఎక్కాడు. ఆ మర్నాడే మా సెషన్ రద్దు చేసుకున్నాడు. ఇది ఊహించదగినదే. మనసు విప్పిన మర్నాడు సిగ్గు, చిరాకు, దూరం పోవాలన్న తపన వస్తాయి. కొత్త థెరపిస్టులు ఇక్కడే వరసగా మెసేజులు పెట్టి అక్క పాత్రలోకి దిగుతారు, లేదా మౌనంగా ఉండి నాన్న పాత్రలోకి పోతారు. ఒకే మెసేజ్ పెట్టాలి, రెండు సమయాలు ఇవ్వాలి, కారణం అడగకూడదు. ఐదో రోజున జవాబు వచ్చింది.

స్కోర్ల సంగతి

ఆరో వారంలో యూసీఎల్‌ఏ స్కోరు తగ్గలేదు సరికదా, 44 నుంచి 49కి పెరిగింది. దీన్ని చూసి కంగారుపడి పద్ధతి మార్చేస్తారు చాలామంది. మొదట్లో ఏ లోటూ లేదన్నట్టు వేసిన ప్రశ్నలకు ఇప్పుడు నిజం వేస్తున్నాడు, అందుకే పెరిగింది. అయితే అలా అనుకుని ఊరుకోకూడదు. అదే రోజు పీహెచ్‌క్యూ-9 కూడా చెయ్యాలి. ఒంటరితనం పెరిగి డిప్రెషన్ పెరగకపోతే దాపరికం తగ్గుతోందని అనుకోవచ్చు. రెండూ పెరిగితే నిజంగానే దిగజారుతున్నాడు, సైకియాట్రిస్టుకు చూపించాలి. ఇతని పీహెచ్‌క్యూ ఆ రోజు 7. పన్నెండో వారానికి యూసీఎల్‌ఏ 38, పీహెచ్‌క్యూ 4. కడుపు మంట వారానికి ఒకసారికి దిగింది. అమ్మతో అవాయిడెన్స్ 5.5 నుంచి 4.8కి, స్నేహితుడితో 3.5 నుంచి 2.8కి తగ్గాయి. నాన్నతో 5.8 అలాగే ఉంది. దాని మీద మేం పని చెయ్యలేదు, అతను సిద్ధంగానూ లేడు. సెక్యూర్, అంటే దగ్గరితనానికి జంకని మనిషి, అయిపోయాడని మేం రాయం. పన్నెండు వారాల్లో అవ్వరు.

అక్కను విడిగా ఇంకో థెరపిస్టు దగ్గరికి పంపాం. తోబుట్టువులిద్దరినీ ఒకే మనిషి చూస్తే ఎవరి మాట ఎవరికి చేరుతోందోనన్న అనుమానం ఇద్దరికీ వస్తుంది.

ముగింపు సెషన్లో జబ్బు చేసినప్పటి ప్రణాళిక ఒకటి రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోమన్నాం. జ్వరం 100 దాటితే అదే రోజు ఇద్దరికి చెప్పాలి: ఒకరు అక్క, ఒకరు బిల్డింగులోనే ఉన్న మనిషి. ఎదురింటి నంబరు అందులో అతనే రాశాడు. ఇలాంటి ప్రణాళిక ఇప్పుడు ఎవరికి రాయించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కూడా చేర్చండి. 2022 అక్టోబర్‌లో మొదలైన ఈ లైను రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మూడు నెలల ఫాలోఅప్ నాటికి ఒకసారి వైరల్ జ్వరం వచ్చింది. అక్కకు రెండో రోజున చెప్పాడు, ఎదురింటివాళ్లకు మొదటి రోజే. తర్వాతి ఫాలోఅప్ ఆరో నెలలో అనుకున్నాం. రూమ్మేట్లు తిరిగొచ్చి ఆఫీసు మళ్లీ మొదలయ్యాక, పక్కపక్కన ఉండే సాంగత్యం దానంతటదే దొరుకుతున్నప్పుడు, బుధవారం ఫోను నిలుస్తుందా మానేస్తాడా అన్నది అప్పుడు చూడాలనుకున్నాం.